కుప్పలో కలిసిన గొడుగు

వాసు ఫోన్ చేసేసరికి నూకాలు పెరట్లో ఎండుచేపల తట్టల మీద టార్పాలిన్ సర్దుతోంది. పొద్దుటి నుంచీ విడవని ముసురు. యారాడలో ఆ ఇంటికి సిగ్నల్ సరిగా అందేది ఆ పెరటి మూలనే. అల్లుడు డ్యూటీ రోజుల్లో పగటిపూట ఫోన్ చేయడు. చేయలేడు కూడా. అతను పనిచేసే చోట గేటు దగ్గరే ఫోన్లు అప్పగించి లోపలికి పోవాలి. అందుకని తెర మీద అతని ముఖం వెలగగానే నూకాలు టార్పాలిన్ వదిలేసి ఫోన్ ఎత్తింది.

"అత్తా, దుర్గకి వాంతులు. ఆస్పత్రికి తెచ్చీసినాం. పొద్దున్న నువ్వంపినవి ఏటి పుట్టగొడుగులు?"

పుట్టగొడుగులంటే పుట్టగొడుగులే. కొండ మీద ఏటా ఉరుములకు లేస్తాయి, ఏటా కోసుకొస్తారు, ఏటా తింటారు. వాటిలో ఏ రకమని ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

వాసు గబగబా చెప్పుకుపోయాడు. పొద్దున్న గోపి ఆటోలో సంచి అందగానే మల్కాపురంలో దుర్గ కూర వండుకుందట. వేడి అన్నంలో తింది. మిగిలింది మధ్యాహ్నం మళ్ళీ తింది. ఆ తరువాత కాసేపటికే మొదలైంది. పక్కింటివాళ్ళు ఆస్పత్రిలో చేర్చి గేటుకు కబురు పంపితే అతను ఉన్న బట్టలతోనే పరుగెత్తాడు. దుర్గకు ఏడో నెల. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు నిలిచిన కడుపు. డాక్టరమ్మ సెలైన్ పెట్టింది కానీ ఆవిడ అడుగుతున్నది ఒకటే, తిన్నది ఏ రకమని. వండనిది ఒక్కటైనా ఉంటే పట్టుకురమ్మంది. ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. తీసేసిన ముక్కలు కూడా చెత్తబండిలో పోయాయి.

"రెండు రకాలంట అత్తా. ఒకటి తిన్న కాసేపటికే బాగా కక్కించి వదిలీత్తదంట. ఇంకోటి పూట గడిచినాక కక్కించి, తగ్గినట్టు సేసి, తరవాత లివర్ని పాడు సేసీత్తదంట. రెండుపూట్లా తింది కదా, ఏ పూట తిన్నదానికి మొదలైందో ఆళ్ళు సెప్పలేకపోతన్నారు. రకం తెలిత్తే పెద్దాస్పత్రికి ఇప్పుడే పంపాలా, ఇక్కడే ఉంచాలా అన్నది తేలుద్దంట."

ఇప్పుడెలా ఉందని నూకాలు అడిగింది. వాంతులు కొంచెం తగ్గాయని వాసు అన్నాడు. అని, ఆ మాట తానే విన్నట్టు ఆగిపోయాడు. తగ్గినందుకు సంతోషించాలో భయపడాలో ఇద్దరికీ తెలియలేదు.

వచ్చేస్తున్నానని చెప్పి ఆమె ఫోన్ పెట్టేయబోయింది. అప్పుడు పుట్టగొడుగుల ఫోటో గుర్తొచ్చింది. పొద్దున్న తీసిన ఫోటో ఉంది కదా, అందులో అన్నీ ఉన్నాయి కదా. గబగబా దాన్ని వాసుకు పంపింది. డాక్టరమ్మ చూసి తనకేమీ తెలియడం లేదందని అతను చెప్పాడు. నూకాలుకు ఇక తోచిన మనిషి రోజారమణి.

రోజారమణి కాలేజీలో మొక్కల పాఠాలు చెబుతుంది. రుషికొండ వైపు ఫ్లాట్లలో ఉంటుంది. నూకాలు దగ్గర చేపలు కొనేవాళ్ళలో ఆవిడ ఒకరు. నూకాలు ఈ ఫోన్ కొనుక్కున్నదే ఆ ఫ్లాట్లవాళ్ళ కోసం. పడవలు ఒడ్డు తగలగానే చేపల్ని కడిగి, నీలం టార్పాలిన్ మీద తలలన్నీ ఒకవైపుకు వచ్చేలా పేర్చి, ఒకదానికి మొప్ప ఎత్తి ఎరుపు కనిపించేలా పట్టుకొని ఫోటో తీస్తుంది. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. గ్రూపులో ఆమె ఫోటోలకు మంచి పేరుంది. చేప కన్ను కూడా మెరుస్తూ పడుతుందని అంటారు. ఈ వారం సముద్రం పోటు మీద ఉండి పడవలు కదల్లేదు. చేతులు ఖాళీగా ఉండలేక ఆమె పుట్టగొడుగులను కూడా అలాగే తీసింది. మట్టి పట్టిన కాడలు కత్తితో కోసి పారేసింది. గొడుగులు కడిగి, అందమైన వైపు పైకి పెట్టి పేర్చింది. పక్కింటి పైడితల్లి చూసి, వదిన పుట్టగొడుగులకు కూడా పెళ్ళిచూపుల ఫోటోలు తీస్తోందని వేళాకోళం చేసింది. వీధి చివరింటి జోగమ్మతో కలిసి ముగ్గురూ నవ్వుకున్నారు.

రోజారమణి వెంటనే ఎత్తింది. చేపలేమైనా వచ్చాయా నూకాలమ్మా అని అడిగింది. విషయం విని ఫోటో పంపమంది. ఫోటో చూసి మళ్ళీ తానే ఫోన్ చేసింది.

ఎడమ మూలన రెండు మూడు గొడుగులు మిగతావాటిలా లేవని చెప్పింది. నడినెత్తిన గోధుమరంగు పొలుసులున్నాయి. మిగతావన్నీ పుట్టల మీద మొలిచేవే, వాటితో భయం లేదు. ఈ రెండు మూడింటి కాడలు కోసేయడం వల్ల, బోర్లా పెట్టడం వల్ల అవి ఏమిటో తాను చెప్పలేకపోతోంది. ఫోటో చూడముచ్చటగా ఉంది కానీ కావలసినవేవీ అందులో లేవు. అవి మొలిచిన చోట ఇంకా ఏమైనా మిగిలి ఉంటే, పీకకుండా, ఉన్నవి ఉన్నట్టుగా ఫోటోలు తీసి పంపమంది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, గొడుగు కింద మడతలు కనిపించేలా ఒకటి, కాడ చుట్టూ మట్టి తవ్వి అడుగు కనిపించేలా ఒకటి. పీకితే కాడ తెగి అడుగు మట్టిలోనే ఉండిపోతుంది. అదే అన్నిటికన్నా ముఖ్యం.

"ఏది కనిపిత్తే బయపడాలో అది సెప్పండమ్మా," అంది నూకాలు.

రోజారమణి మాట దాటేసింది. "ముందు ఫోటోలు పంపండి, తరువాత చూద్దాం."

"నాను సూసీటప్పుడు నాకు తెలియాల."

"కాడ అడుగున, మట్టిలో, గుడ్డు పెంకు చిట్లినట్టు తెల్లటి తిత్తి ఒకటి ఉంటే, అది మంచిది కాదు నూకాలమ్మా. మడతలు ఆకుపచ్చగా మారుతుంటే అది వేరే జాతి. అది కడుపుని కుదిపేస్తుంది గానీ మామూలుగా ప్రాణం మీదకు తేదు. ఆ రెండూ చూడాలి. ఇంతకీ ఇవి కోసింది ఎక్కడ?"

తెలుసుకొని చెబుతానని నూకాలు ఫోన్ పెట్టేసింది. ఎక్కడ కోశారో ఆమెకు తెలియదు.

పొద్దున్న ముగ్గురాడవాళ్ళు కొండెక్కారు. తాను, పైడితల్లి, జోగమ్మ. పైకి వెళ్ళాక తలోవైపు చీలిపోయారు. దిగివచ్చాక మూడు బుట్టలూ నూకాలు అరుగు మీద ఒకే కుప్పగా పోశారు. వాటాలు వేయకముందు ఆమె ఫోటో తీసింది ఆ కుప్పనే. ఒడ్డున పెద్ద వల లాగినప్పుడు చేసే పద్ధతే అది. వలలో పడింది ఎవరి చేతి బలానికి పడిందన్న లెక్క ఉండదు, అంతా ఒక కుప్ప. కుప్పను సమానంగా వాటాలు వేస్తారు. ఒకరు అటు తిరిగి నిలబడతారు. ఇంకొకరు ఒక వాటా మీద వేలు పెట్టి ఇది ఎవరికి అని అడుగుతారు. అటు తిరిగినవాళ్ళు చూడకుండా ఒక పేరు చెబుతారు. ఎవరికి ఏది దక్కిందో అదే వాళ్ళది, ఇక గొణగడానికి లేదు. ఆ ఉదయం అటు తిరిగి నిలబడింది నూకాలే. ఎండుచేపల తట్టల వైపు చూస్తూ పైడితల్లి, జోగమ్మ, నాది అని వరసగా చెప్పేసింది. తన నోటితో తానే ఆ వాటాను కూతురికి పిలిచింది.

ఆమె ముందు జోగమ్మ ఇంటికి పరుగెత్తింది. జోగమ్మ వాటా చేటలో అలాగే ఉంది, రాత్రికి వండుదామని పెట్టింది. చేటను నేలమీద దిమ్మరించి ఇద్దరూ ఒక్కొక్కటే వేళ్ళతో తిప్పి చూశారు. అన్నీ ఒకేలా ఉన్నాయి. నెత్తిన పొలుసులున్నది ఒక్కటీ లేదు. అక్కడినుంచి పైడితల్లి ఇంటికి వెళ్ళారు. పైడితల్లి గడపలో కూర్చొని కూతురి తల దువ్వుతోంది. వాళ్ళు మధ్యాహ్నమే వండుకు తిన్నారు. పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు, పెద్దది జడ లాగుతోందని అమ్మను విసుక్కుంటోంది కూడా. అంటే ఆ రెండో మూడో, ఎన్నయితే అన్ని, తన వాటాలోకే వచ్చి ఉండాలి.

అయితే అవి ఎవరి బుట్టలోంచి వచ్చాయి, ఎక్కడ కోశారు. తాను కోసినవి పుట్టల మీదివే, అది ఆమెకు బాగా తెలుసు. మిగిలింది వీళ్ళిద్దరూ. అడగడానికి నోరు తెరిచి నూకాలు ఆగిపోయింది. ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. కుప్పలో పడ్డాక ఏది ఎవరిదని అడగకూడదు. ఈ రోజు నీ చేతికి ఎక్కువ, రేపు నా చేతికి ఎక్కువ, అడగడం మొదలుపెడితే ఇక ఒకరితో ఒకరు వల పట్టరు. అలా అడిగిన పాపానికి ఊళ్ళో రెండు కుటుంబాలు ఇప్పటికీ ఒకే పడవ ఎక్కవు.

జోగమ్మ ఆమె ముఖం చూసి కనిపెట్టింది. "వద్దే అమ్మీ," అంది మెల్లగా. "కుప్పలో పడ్డాక అడక్కూడదు. ఆస్పత్రికి పద, నానూ వత్తాను."

"అడుగుతాను పిన్నీ. తరవాత ఊరంతా నన్ను ఎలేసినా సరే, అడుగుతాను. పొలుసులున్న గొడుగులు ఎవరి బుట్టలోవి?"

పైన రేకుల మీద వాన చప్పుడు. పైడితల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. కూతురు వెనక్కి తిరిగి అమ్మ వైపు చూసింది. పైడితల్లి ఆ పిల్లను లోపలికి పొమ్మంది. పిల్ల వెళ్ళేదాకా నోరు విప్పలేదు.

"నాయే వదినా," అంది. "నా బుట్ట సగవే నిండింది. మీ ఇద్దరియ్యీ నిండుగున్నాయి. సగం బుట్ట పోసి సమానం వాటా ఎలగ తీసుకుంటానని సిగ్గేసింది. దిగొత్తా గేదెల పాక ఎనకాల గడ్డిలో కనిపిత్తే తుంచి పడీసినాను. తెల్లగా బాగున్నాయి. నాకు తెల్దు వదినా. నా పిల్లల మీద ఒట్టు, నాకు తెల్దు."

నూకాలుకు చెయ్యి లేచింది. ఎక్కడిదాకా లేచిందో ఆమెకే తెలియదు. జోగమ్మ మధ్యలోకి వచ్చి పట్టుకుంది. కొట్టడానికి గానీ ఏడవడానికి గానీ అది సమయం కాదు. ఇంకా ఏమైనా మిగిలాయా అని మాత్రం నూకాలు అడిగింది. చిన్నవి వదిలేశానని పైడితల్లి అంది.

అప్పుడే వీధిలో గోపి ఆటో హారన్ వినిపించింది. కబురు ఎవరు చెప్పారో, మల్కాపురం తీసుకుపోతానని తానే వచ్చి నిలబడ్డాడు. ఆటో తలుపు లేని పక్క నుంచి వెనక సీటు కనిపిస్తోంది. ఎక్కి కూర్చుంటే చాలు, ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే సింధియా, అది దాటితే కూతురు. నూకాలు కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. ఆటో కమ్మీ పట్టుకుంది కూడా. ఆస్పత్రిలో పడుకున్న పిల్ల అమ్మ ఏదని అడుగుతూ ఉంటుంది. వెళ్ళి చెయ్యి పట్టుకోవచ్చు. చెయ్యి పట్టుకొని, ఏం తిన్నావో తెలియదమ్మా అని చెప్పొచ్చు.

ఆమె కమ్మీ వదిలేసింది. ఘాట్ రోడ్డు పై మలుపు దగ్గర ఉండమని గోపికి చెప్పి, పైడితల్లి వైపు తిరిగి నడవమన్నట్టు తలాడించింది.

కొండ దారి పొద్దున్న నడిచిన దారే. ఇప్పుడు మాత్రం ప్రతి అడుగూ వెనక్కి జారుతోంది. ఎర్రమట్టి చెప్పులకు అంటుకుంటుంటే చెప్పులు అక్కడే విడిచేసింది. ముందు పైడితల్లి, ఒక చేతిలో ప్లాస్టిక్ డబ్బా, ఇంకో చేతిలో ఎరువుల సంచి. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. కింద సముద్రం బూడిదరంగులో ఉంది. రేవులోకి పిలుపు కోసం ఆగిన ఓడలు వానలో సగం సగం కనిపిస్తున్నాయి. నూకాలుకు మోకాలు పట్టేసింది. తుప్పల్ని పట్టుకొని పైకి లాక్కుంటూ ఎక్కింది. చేతికి ముళ్ళు గుచ్చుకున్నది తరువాత ఎప్పుడో గానీ తెలియలేదు. ఆమె భయమంతా ఫోన్ మీదే. జాకెట్లో దోపుకుని పైన కొంగు బిగించి, పడినా అది తడవకూడదన్నట్టు వెల్లకిలా పడడానికి సిద్ధంగా నడిచింది.

అప్పుడప్పుడూ ఆ ఫోన్ మోగినట్టు అనిపించేది. తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు. సిగ్నల్ గీతలు కూడా లేవు. అక్కడ తనకు తెలియకుండా ఏదైనా జరిగిపోతూ ఉండవచ్చు. పెద్దాస్పత్రికి తీసుకుపోతూ ఉండవచ్చు. లేదా తగ్గిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటూ ఉండవచ్చు. ఆ రెండోది తలుచుకుంటే ఇంకా భయమేసింది. తగ్గినట్టు చేసి అన్న వాసు మాట చెవిలో గింగురుమంటోంది. ఏ మంచి కబురునూ నమ్మడానికి లేకుండా చేసిన జబ్బు ఇది.

పాక దగ్గర గేదెలు లేవు. కానీ పొద్దుటి నుంచి అవి అక్కడే తిరిగాయి. గడ్డంతా గిట్టల గుంటలు, గుంటల నిండా నీళ్ళు. పైడితల్లి తాను తుంచిన చోటికి తిన్నగా వెళ్ళి, వంగి, అలాగే ఉండిపోయింది. నూకాలు వెళ్ళి చూసింది. బురదలోకి తొక్కుకుపోయిన తెల్లటి ముద్ద ఒకటి. దాని పక్కన విరిగిన కాడ. ఏది పైనో ఏది కిందో తెలియడం లేదు.

"ఇక్కడే వదినా. ఇక్కడే ఉన్నాయి. సిన్నవి రెండు మూడు వదిలీసినాను," అని పైడితల్లి అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. గడ్డిని రెండు చేతులా పాయలు తీస్తూ మోకాళ్ళ మీద పాకుతోంది. నూకాలు ఇంకోవైపు పాకింది. పేడ, బురద, రాళ్ళు. ఒక చోట తెల్లగా మెరిస్తే చెయ్యి చాచింది, తీరా చూస్తే చిరిగిన పాలప్యాకెట్టు. ఆ ఒక్కటీ దొరక్కపోతే ఏం చేయాలన్నది ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే అక్కడే కూలబడిపోతానని తెలుసు.

పైడితల్లి పిలిచింది. పాక గోడకూ బండకూ మధ్య, గేదె కాలు పట్టని సందులో, ఒక గొడుగు విచ్చుకుని నిలబడి ఉంది. దాని పాదం దగ్గర ఇంకా విచ్చుకోని బొడిపె ఒకటి. గొడుగు నడినెత్తిన గోధుమరంగు పొలుసులు. వానలో అంత శుభ్రంగా, అంత అందంగా ఉంది. తానైనా తుంచేదాన్నే అనుకుంది నూకాలు.

పైడితల్లి ఎరువుల సంచి విప్పి పైన గొడుగులా పట్టింది. నూకాలు ఫోన్ తీసింది. వేళ్ళు తడిగా ఉండడంతో తెర పనిచేయలేదు. నొక్కింది ఒకటైతే తెరుచుకునేది ఇంకొకటి. కొంగు తడి, కుచ్చెళ్ళు తడి. ఆఖరికి నడుం దగ్గర లోపలి లంగా మడత పొడిగా దొరికితే దానితో తెరనూ వేళ్ళనూ తుడిచింది. పైనుంచి ఒకటి తీసింది. పక్కనుంచి ఒకటి తీసింది. అది మసకగా వచ్చింది. మళ్ళీ తీసింది. చేపలైతే ఒక్క చేత్తో తీసేది.

కింది మడతల కోసం ఆమె బురదలో పక్కకు ఒరిగి పడుకుంది. చెంప నేలకు ఆనింది. ఫోన్‌ను గొడుగు కిందకు తోసి, తల వంచి చూసింది. మడతలు తెల్లగా ఉన్నాయి. కాదు, అంచుల్లో ఏదో చాయ ఉంది. అది ఆకుపచ్చో, చుట్టూ ఉన్న గడ్డి నీడో ఆమెకు అర్థం కాలేదు. లైటు వేసి తీసింది. లైటులో అంతా తెల్లగా వచ్చింది. లైటు తీసేసి మళ్ళీ తీసింది. ఈసారి చాయ కనిపించింది. కనిపించాలని తాను కోరుకోబట్టి కనిపించిందేమోనని అనుమానం వచ్చింది.

"నువ్వు సూడు," అంది పైడితల్లితో. ఆ ఇంటి గడప దాటాక ఆమెతో నూకాలు పలికిన మొదటి మాట అది.

పైడితల్లి వంగి చూసింది. చాలాసేపు చూసింది. "పచ్చగానే ఉన్నట్టుంది," అంది. ఆమె గొంతులో కూడా అదే కోరిక వినిపించి నూకాలు నమ్మలేదు.

ఇక మిగిలింది అడుగు. పుల్లతో తవ్వితే తిత్తి చిరిగిపోతుందేమోనని నూకాలు వేళ్ళతోనే మట్టి తీయడం మొదలుపెట్టింది. కాడ చుట్టూ కొంచెం కొంచెంగా, చేప కడుపులో చేదుకట్టు పగలకుండా తీసినంత జాగ్రత్తగా. మట్టి మెత్తగా వస్తోంది. కాడ మధ్యలో చిన్న పట్టీలాంటిది ఉంది. దాని కిందుగా కాడ లావవుతూ పోయింది. లావవడం చూడగానే ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఇంకొంచెం తవ్వితే తెలిసిపోతుంది. డాక్టరమ్మకన్నా, రోజారమణికన్నా, దుర్గకన్నా ముందు ఈ బురదలో పడుకున్న తనకు తెలిసిపోతుంది. తవ్వనంతసేపూ అది లేనట్టే. నూకాలు కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకునే వేళ్ళు లోపలికి పోనిచ్చింది. గుండ్రంగా గడ్డలా తగిలింది. ఆ గడ్డ చుట్టూ వేలు తిప్పింది. పొరలా, తిత్తిలా ఏమీ వేలికి అంటలేదు. కళ్ళు తెరిచింది. తెల్లటి గడ్డ, దానికి అంటుకున్న మట్టి. పెంకు లేదు. చిట్లిన గుడ్డు లేదు.

లేదని ఆమె గట్టిగా అనలేకపోయింది. తన వేళ్ళే దాన్ని తుడిచేశాయేమో. మళ్ళీ ఫోన్ తుడిచి, పైనుంచి, పక్కనుంచి, ఇంకా దగ్గరగా తీసింది. ఆ తరువాత డాక్టరమ్మ కోసం మట్టితో సహా పెకలించి, పక్కనున్న బొడిపెతో పాటు డబ్బాలో పెట్టింది.

ఘాట్ రోడ్డు మలుపుకు అడ్డదారిన ఎక్కారు. అక్కడ గోపి ఆటోలో కూర్చుని ఉన్నాడు. వీళ్ళను చూసి దిగాడు, ఏమీ అడగలేదు. సిగ్నల్ గీతలు వచ్చాయి. నూకాలు ఫోటోలన్నీ ఒకేసారి పంపింది. ఒక్కొక్క ఫోటో మీదా గుండ్రటి గీత తిరుగుతోంది. మొదటిది పోయింది. రెండోది పోయింది. మడతల ఫోటో దగ్గర ఆ గీత తిరుగుతూనే ఉండిపోయింది. నూకాలు ఫోన్‌ను తల పైకెత్తి రోడ్డంచుకు వెళ్ళి నిలబడింది. గోపి వచ్చి ఆమె నడుం దగ్గర చీర కుచ్చెళ్ళు పట్టుకున్నాడు, కింద లోయలోకి తూలిపోతుందేమోనని. ఆఖరిది కూడా పోయింది.

ఆ తరువాత ఫోన్ మోగలేదు. ఒక లారీ వెళ్ళింది. ఇంకో లారీ వెళ్ళింది. ఆమె తెర ఆరిపోకుండా వేలితో తాకుతూనే ఉంది.

రోజారమణి ఫోన్ చేసింది. ఇది ఆకుపచ్చ మడతల జాతే అయి ఉండాలని చెప్పింది. లైటు లేకుండా తీసిన ఫోటోలో అంచుల చాయ బాగా పడింది. కాడకు ఉంగరంలాంటి పట్టీ ఉంది. అడుగున తిత్తి లేదు. "మీరు భయపడింది ఇది కాదు," అంది. తరువాత గొంతు సర్దుకుని, ఫోటోలు చూసి తాను ప్రమాణం చేయలేనని, డబ్బా తిన్నగా డాక్టరు చేతికివ్వాలని, డాక్టరమ్మతో తాను మాట్లాడానని, అక్కడ రక్తపరీక్షలు రేపు కూడా చేస్తూనే ఉంటారని చెప్పింది. ఆ కుప్పలోంచి ఎవరెవరు తిన్నారో అందరినీ రేపటిదాకా కనిపెట్టుకొని ఉండమంది.

నూకాలుకు ఆ మాటల్లో ఒక్కటే వినిపించింది. మిగతావి తరువాత ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

వాసుకు చేసింది. డాక్టరమ్మ ఇప్పుడే లోపలికి వచ్చి పెద్దాస్పత్రి మాట ప్రస్తుతానికి వద్దందని, బిడ్డ గుండె చప్పుడు మిషన్లో తనకు కూడా వినిపించారని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఫోన్ దుర్గ చెవి దగ్గర పెట్టాడు.

"అమ్మా," అంది దుర్గ. గొంతు ఎండిపోయి ఉంది. "కొండెక్కినావంట. సేపలు దింపడానికి రమ్మంటే మోకాలు నొప్పంటావు."

వత్తన్నాను, పడుకో అని నూకాలు అంది.

ఆమె ఆటో ఎక్కి కూర్చుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. గోపి స్టార్ట్ చేశాడు. పైడితల్లి రోడ్డు పక్కన, ఖాళీ సంచి పట్టుకుని, ఆటోకు కాస్త దూరంలో నిలబడి ఉంది. మోచేతుల దాకా బురద. తనను రమ్మంటారా వద్దంటారా అన్నట్టు చూస్తోంది. అడిగే ధైర్యం లేదు.

"నానూ రానా వదినా," అంది ఆఖరికి.

నూకాలు ఆమెను చూసింది. క్షమించడానికి తగిన మాట ఏదీ లోపల దొరకలేదు. తిట్టడానికీ దొరకలేదు. రోజారమణి చెప్పినదాంట్లో వినకుండా వదిలేసిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

"రాకు. బేగి ఇంటికెల్లి నీ పిల్లల్ని సూసుకో. ఆళ్ళూ ఆ కుప్పలోదే తిన్నారు. రేపటిదాకా కనిపెట్టుకోమన్నారు."

పైడితల్లి ముఖంలో ఏదో విరిగింది. అప్పటిదాకా ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. సంచి అక్కడే పడేసి, చీర పైకి దోపుకుని, అడ్డదారి పట్టుకుని కిందికి పరుగు తీసింది. ఒక చోట జారి పడింది, లేచింది, మళ్ళీ పరుగెత్తింది. ఆమె తుప్పల వెనక కనుమరుగయ్యేదాకా నూకాలు చూసి, ఇక పొమ్మని గోపితో చెప్పింది. ఆటో సింధియా వైపు దిగుతుంటే జోగమ్మకు ఫోన్ చేసింది. చేటలోవి పారేయమని, ఆ తరువాత పైడితల్లి ఇంటికి వెళ్ళి పిల్లల దగ్గర కూర్చోమని, ఏమాత్రం తేడా కనిపించినా గోపిని మళ్ళీ ఊళ్ళోకి పంపుతానని చెప్పింది.